బండికీ ఒక ఛందస్సు

ప్రమాదమనే మాటను మనం సంస్కృతం నుంచి తెచ్చుకొని, దాని అర్థాన్ని కొంచెం పక్కకు జరిపాము. తెలుగులో ప్రమాదమంటే అపాయం. రైలు పట్టాలు తప్పడం, బస్సు లోయలో పడడం. సంస్కృతంలో ఆ మాటకు ముఖ్యార్థం ఏమరుపాటు. అమరకోశం దానికి అనవధానత అనే అర్థాన్నే చెబుతుంది. చేస్తున్న పనిమీద చిత్తం నిలవకపోవడమని దాని భావం. అక్కడ కారణానికున్న పేరును మనం ఇక్కడ ఫలితానికి పెట్టుకున్నామన్నమాట. ఈ అర్థపరిణామాన్ని తరగతిగదిలో చాలా ఏళ్ళు చెప్పాను గాని, ఆ కారణానికీ ఈ ఫలితానికీ మధ్య దూరమెంత ఉంటుందో కళ్ళారా చూసింది మాత్రం ఒక పాత అంబాసిడరు కారు దగ్గర. ఆ దూరం రెండంగుళాలైనా లేని ఒక ఇనుప పిన్ను పొడవు.

కారు మా బావగారిది. ఆయన పల్లెటూరి వైద్యుడు. వానాకాలంలో గోతుల దారుల వెంట ఆ బండిలోనే ఊళ్ళు తిరిగేవారు. అంబాసిడరు మార్క్ 2 అది. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు నమూనాను తీసుకొని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర ఈ కార్ల తయారీ మొదలుపెట్టారు. 2014లో తయారీ ఆగిపోయింది. బావగారు పోయిన తరువాత బండి షెడ్డులో నిలిచిపోయింది. సంవత్సరీకం నాటికి దాన్ని నడిచేటట్టు చేసి, అమ్మను అందులో కూర్చోబెట్టి, నాన్న వైద్యం చేసిన ఊళ్ళకు తీసుకువెళ్ళాలని మా మేనల్లుడు సంకల్పించాడు. అతను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శని, ఆదివారాల్లో విజయవాడ వచ్చి బండిని తానే విప్పడం మొదలుపెట్టాడు. బావగారి కాలం నుంచి ఆ కారు ఎరిగిన మేస్త్రి ఒకాయన ఆటోనగర్ నుంచి వచ్చి సాయపడేవాడు. ఆయనకు డెబ్భై ఏళ్ళుంటాయి. నా పని కుర్చీ వేసుకొని కూర్చోవడం, అడిగిన స్పానరు అందించడం.

విప్పడం నాలుగు ఆదివారాల్లో అయిపోయింది. మేస్త్రి రాని రోజున మేనల్లుడు ఇంజను ముందుభాగం ఒక్కడే విప్పి, బోల్టులన్నీ ఒకే రంగుల డబ్బాలో వేశాడు. "గుర్తుంటుందిలే మామయ్యా, ఇవెంతని!" అన్నాడు. బిగించే రోజు వచ్చేసరికి డబ్బాలో నూటికి పైగా బోల్టులు. అన్నీ అన్నదమ్ముల్లా ఉన్నాయి; ఒకటి పావు అంగుళం పొడుగు, ఒకటి పొట్టి, అంతే తేడా. పొడుగు బోల్టును పొట్టి రంధ్రంలో బిగిస్తే అడుగు తగిలి ఆగుతుంది. అది బిగిసిందని మనమనుకుంటాము. కింద రేకు మాత్రం వదులుగానే ఉంటుంది. మేస్త్రి ఆ డబ్బాను ఒకసారి కదిపి చూసి, "బోల్టులకు నోరుండదు బాబూ, నేనిక్కడిదాన్నని అవి చెప్పవు" అన్నాడు. ఆ రోజు పని మానేసి, మధ్యాహ్నమంతా బోల్టులు కొలుస్తూ కూర్చున్నారు.

మేస్త్రి పద్ధతి వేరు. టైమింగు కవరు వంటివి విప్పేటప్పుడు ఒక అట్టముక్క మీద ఆ కవరు ఆకారం గీసుకొని, ఏ చోట తీసిన బోల్టును అట్టమీద ఆ చోటనే గుచ్చుతాడు. చిన్న నట్లు, వాషర్లు పాత ఇడ్లీ రేకుల గుంటల్లో వరుసగా వేస్తాడు. ఎడమ చక్రానివి ఒక రేకులో, కుడి చక్రానివి మరొక రేకులో. ఆయనకు చదువు పెద్దగా లేదు. ఆ ఇడ్లీ రేకులే ఆయన రాత.

స్పానర్ల దగ్గరా చిక్కు వచ్చింది. ఈ కారు నట్లు అంగుళాల కొలతవి. మేనల్లుడు కొన్న కొత్త సెట్టు మిల్లీమీటర్లది. అరంగుళం నట్టు 12.7 మిల్లీమీటర్లు, 13 నంబరు స్పానరు దానికి సరిపోయినట్టే ఉంటుంది. ఆ ధైర్యంతో 9/16 అంగుళాల నట్టు దగ్గరకు వెళితే, అది సుమారు 14.3 మిల్లీమీటర్లు. దానికి 14 ఎక్కదు. 15 ఎక్కి జారుతుంది, నట్టు మూలలు అరగదీస్తుంది. సరిపోయినట్టే ఉండే కొలత, ఏమాత్రం సరిపోని కొలతకంటె ఎక్కువ మోసం చేస్తుంది. ఎక్కనిది వెంటనే పట్టుబడుతుంది గదా!

ఇంజను బిగించి మొదటిసారి స్టార్టు చేసిన రోజు ముచ్చట మరొకటి. ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లు. రేడియేటరు వైపున్నది ఒకటవది. మెరుపు అందవలసిన వరుస 1-3-4-2. ఇది మేనల్లుడికి కంఠస్థం. వైర్లు ఆ వరుసలోనే పెట్టాడు. తాళం తిప్పగానే ఇంజను రాజుకోలేదు సరిగదా, కార్బురేటరు లోంచి టప్పుమని ఒక పేలుడు. కారణం మేస్త్రి చెప్పాడు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే మెరుపును పంచే డిస్ట్రిబ్యూటరు ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ రెండు చుట్లలో పిస్టను రెండుసార్లు పైకి వస్తుంది: ఒకసారి పెట్రోలు ఆవిరిని అదుముతూ, మరొకసారి కాలిన పొగను బయటికి నెడుతూ. పైకి చూస్తే రెండూ ఒకటే. మేనల్లుడు రెండవదాన్ని మొదటిదిగా తీసుకొని డిస్ట్రిబ్యూటరు బిగించాడు. సరిగ్గా అర్ధచక్రం తప్పు. ఆ తేడా అతనికి తెలియనిది కాదు. ముందురోజు నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పినవాడు అతనే. మేస్త్రి ఒకటవ సిలిండరు ప్లగ్గు విప్పించి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టించి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పించాడు. గాలి వేలిని పైకి తన్నినప్పుడు, "ఇదీ ఆ చుట్టు" అన్నాడు.

ఆ మరుసటి వారం స్టార్టు చేయబోతే చోకు తీగ వేడెక్కి పొగలు చిమ్మింది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ బండి శరీరానికీ నేరుగా విద్యుత్సంబంధం లేదు. ఆ రెంటినీ కలపడానికి రాగితీగలు అల్లిన పట్టీ ఒకటి ఉంటుంది. అది బిగించడం మరిచారు. స్టార్టరు మోటారు లాగే పెద్ద కరెంటుకు తిరిగి వెళ్ళే దారి లేక, దొరికిన సన్నని చోకు తీగనే దారి చేసుకొన్నది. ఒకచోట మరపు, మరొకచోట పొగ. పొగ వచ్చిన చోటనే తప్పు వెదికేవాడు చోకు తీగ మార్చి, మళ్ళీ దాన్నీ కాల్చుకుంటాడు.

ఈ మూడు తప్పులూ గమనించాక నాకు ఒక సంగతి తోచింది. ఇవేవీ అజ్ఞానం వల్ల వచ్చినవి కావు. తెలియని చోట మనిషి అడుగు మెల్లగా వేస్తాడు, పక్కవాణ్ణి అడుగుతాడు. గేరుబాక్సు విప్పేటప్పుడు మేనల్లుడికి భయం. అందుకని ప్రతి పన్నుచక్రాన్నీ ఫొటో తీసుకున్నాడు, ఒక్క తప్పూ రాలేదు. బాగా తెలుసుననుకున్న చోటే పరాకు చొరబడింది. పరీక్ష పేపర్లలోనూ ఇదే చూసేవాణ్ణి. కఠినమైన సమాసానికి విగ్రహవాక్యం సరిగ్గా రాసిన పిల్లవాడు, కింద ప్రశ్న సంఖ్య తప్పు వేసేవాడు.

దీనికి మందుగా మనం సాధారణంగా చెప్పే మాట "జాగ్రత్తగా ఉండు" అని. ఎంతసేపు ఉండగలడు? అవధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకుల నడుమ చిత్తాన్ని చెదరనీయకుండా కూర్చోవడం ఒక విద్య. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు పనిగట్టుకొని మనసును పక్కకు లాగుతుంటాడు. అయినా అవధాని అన్నిటినీ ధారణలో నిలుపుకొని చివర అప్పజెబుతాడు. ఆ శక్తి ఏళ్ళ సాధన వల్ల కొందరికి అబ్బుతుంది. ఆదివారం మధ్యాహ్నం చెమటలు కక్కుతూ కారు కింద పడుకున్నవాడి దగ్గర దాన్ని ఆశించడం అన్యాయం.

మన పూర్వులు ఈ బలహీనతను బాగా ఎరిగినవాళ్ళు. తాళపత్రాలు నకలు చేసే లేఖకుడి పరాకు వాళ్ళకు నిత్యానుభవం. ఒక పాదం చివర ఉన్న మాటే కింది పాదం చివర కూడా ఉంటే, లేఖకుడి కన్ను మొదటిదాని మీంచి రెండవదాని మీదికి దూకి, నడుమనున్నదంతా జారిపోతుంది. చూసినది చూసినట్లు రాశాను, తప్పులుంటే నన్ను నిందించవద్దని పుస్తకం చివర వేడుకొన్న లేఖకులెందరో. ఐతే ఆ జారినది వచనంలో దాగినంత సులభంగా పద్యంలో దాగదు. ఉత్పలమాల పాదానికి అక్షరాలు 20, యతిస్థానం 10. ఒక్క అక్షరం జారితే లెక్క 19 వస్తుంది, గణం విరుగుతుంది, యతి చెడుతుంది. అర్థం తెలియని వాడికి కూడా అక్కడేదో లోపమున్నదని చెవి చెప్పేస్తుంది. కవికి ఛందస్సు సంకెల అనేవాళ్ళున్నారు. పాఠాన్ని కాపాడవలసిన వాడికి అది కాపలా. వేదపాఠకుల కట్టుబాటు ఇంకా గట్టిది. పదపాఠంలో సంధులు విడదీసి ఒక్కొక్క పదం చెబుతారు. క్రమపాఠంలో రెండేసి పదాలను గొలుసుగా కలుపుతారు. జటాపాఠంలో అవే రెండు పదాలను ముందుకూ, వెనక్కూ, మళ్ళీ ముందుకూ చెబుతారు. విప్పడం, బిగించడం, తిరగేసి చూడడం. ఒకచోట జారిన అక్షరం మరొకచోట దొరికిపోయే ఏర్పాటు.

మేస్త్రి ఇడ్లీ రేకులు, అట్టముక్క ఈ జాతివే. కారుకు స్వతహాగా ఛందస్సు లేదు. వచనం లాంటిది, ఒక ముక్క తక్కువైనా పైకి సాఫీగానే కనిపిస్తుంది. బిగించేవాడే దానికి గణాలు ఏర్పరచి లెక్క పెట్టుకోవాలి.

ఇక ఆ పిన్ను సంగతి. ముందు చక్రం ఇరుసు చివర ఒక పెద్ద నట్టు ఉంటుంది. దాని తల కిరీటంలాగ గాళ్ళు తీసి ఉంటుంది. నట్టు బిగించి, గాడి ఇరుసులోని రంధ్రానికి ఎదురుగా వచ్చాక, అందులోంచి చీలిక పిన్ను దూర్చి, దాని కాళ్ళు రెండువైపులా వంచాలి. కాటరు పిన్ను అంటారు దాన్ని. అదుంటే నట్టు తిరగలేదు. లేకపోతే, చక్రం తిరిగే కొద్దీ నట్టు కొంచెం కొంచెం వదులై, ఏదో ఒకనాడు ఊడుతుంది. అప్పుడు చక్రమూ ఊడుతుంది. దీనంతటి మీదా గ్రీజు నిలవడానికి ఒక రేకు మూత కొడతారు. మూత పడిన తరువాత లోపల పిన్ను ఉన్నదీ లేనిదీ కంటికి ఆనదు.

సంవత్సరీకం ఎల్లుండి అనగా, మేనల్లుడు రెండు ముందు చక్రాలూ బిగించాడు. ఎడమ చక్రం నట్టు బిగించి పిన్ను తీసుకోబోతుండగా ఆఫీసు నుంచి ఫోను. పావుగంట మాట్లాడి వచ్చాడు. నట్టు బిగిసే ఉన్నది. మూత కొట్టేశాడు. చక్రం తగిలించాడు. సాయంత్రం మేస్త్రి వచ్చి బండి చుట్టూ తిరిగి చూసి, పని సరంజామా సర్దబోయి, ఇడ్లీ రేకు చేతిలోకి తీసుకొని ఆగిపోయాడు. ఒక గుంటలో కొత్త పిన్ను ఒకటి మెరుస్తోంది.

"రెండు తెచ్చాను బాబూ, ఒకటి మిగిలిందేం?"

"ఎక్కువ తెచ్చావేమో బాబాయ్."

"నేనెప్పుడూ లెక్కకే తెస్తాను."

ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు. రెండు చక్రాలూ విప్పారు. కుడివైపు మూత తీస్తే పిన్ను ఉన్నది. ఎడమవైపు లేదు. మేనల్లుడు ఆ నట్టు వంక చాలాసేపు చూశాడు. మర్నాడు పొద్దున ఆ చక్రానికి పైన, ఎడమవైపు ముందు సీటులో, కూర్చోవలసినది మా అక్కయ్య.

పద్యానికి అన్వయం చెప్పడం నేర్పేటప్పుడు పిల్లలకు ఒక సూత్రం చెప్పేవాణ్ణి. సంధులు విడదీశారు, కర్త కర్మ క్రియలను వరుసలో పేర్చారు, వాక్యం కుదిరింది, అర్థమూ చక్కగా వచ్చింది. అయినా మూలంలోని ఒక్క విశేషణం ఎక్కడా చేరకుండా మిగిలిందంటే, కుదిరిందనుకున్న అన్వయం కుదరలేదన్నమాట. మిగిలిన పదాన్ని పాదపూరణమని తోసేయడం సోమరి లక్షణం. అది మొదట అడగవలసిన సాక్షి. బండి విషయంలో తోసేసే మాట వేరు: "ఎక్కువ తెచ్చావేమో" అని.

ఫోను సంగతి విన్న మేస్త్రి ఒక్క నియమం చెప్పాడు. పని నడుమ ఎవరైనా పిలిస్తే, తిరిగి వచ్చాక ఆగినచోట మొదలుపెట్టకూడదట. మూడు పనులు వెనక్కి వెళ్ళి అక్కడినుంచి చేసుకురావాలట. ఈ మాటను నేను తరువాత మరొకచోట చూసి ఆశ్చర్యపోయాను. కెనడాలో గార్డన్ డ్యూపాంట్ అనే ఆయన 1993లో విమానాల మరమ్మతు పనివారి తప్పులకు మూలమైన కారణాలు పన్నెండింటిని జాబితాగా కూర్చాడు. అందులో పరధ్యానం ఒకటి. దానికి చెప్పే విరుగుడు కూడా మూడడుగులు వెనక్కి వెళ్ళడమే. ఆటోనగర్ షెడ్డులోనూ విమానాల షెడ్డులోనూ మనుషుల మనసు ఒకే తీరున జారుతుందన్నమాట.

విమానాల ప్రస్తావన వచ్చింది గనుక ఒక్క ఉదాహరణ. 1990 జూన్ 10న బ్రిటన్‌లోని బర్మింగ్‌హాం నుంచి స్పెయిన్‌లోని మాలగాకు బయలుదేరిన విమానం ఒకటి 17,300 అడుగుల ఎత్తున ఉండగా, కెప్టెను ముందున్న అద్దం ఊడిపోయింది. గాలి ఆయన్ని నడుము దాకా బయటికి లాగేసింది. సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకొని వేలాడుతుండగా, సహపైలటు విమానాన్ని సౌతాంప్టన్‌లో దింపాడు. కెప్టెను బతికాడు, అందరూ బతికారు. ఆ అద్దాన్ని ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందే మార్చారు. బిగించిన 90 బోల్టులలో 84 ఉండవలసినదానికంటె అంగుళంలో వెయ్యింట 26 వంతులు సన్నం. మిగిలిన 6 పొట్టి. అనుభవజ్ఞుడైన పనివాడే పాత బోల్టును పక్కన పెట్టి, కంటితో పోల్చి, కొత్తవి ఎంచుకున్నాడు. నంబరు పుస్తకం తెరిచి చూడలేదు. పైగా అతను పోల్చుకున్న పాత బోల్టులే అంతకుముందెవరో వేసిన తప్పు బోల్టులు. తప్పు ప్రతిని చూసి నకలు చేసిన లేఖకుడి కథే ఇది. సి.పి. బ్రౌను పండితులను కూర్చోబెట్టి, ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు తెప్పించి పోల్పించింది ఇందుకే. ఒక్క ప్రతినే నమ్మితే దాని తప్పులూ మన సొంతమవుతాయి.

ఎడమ చక్రానికి పిన్ను గుచ్చి, కాళ్ళు వంచి, మూత కొట్టారు. అంతటితో ఊరుకోక మేనల్లుడు ఆ రాత్రే ఒక నోటుబుక్కు తెచ్చి మూడు గడులు గీశాడు: విప్పినవి, బిగించినవి, మిగిలినవి. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పుట. అంతవరకు బిగించినవన్నీ ఆ పుస్తకం చేతబట్టి మళ్ళీ మొదటినుంచీ చూడాలన్నాడు. అలా చూడాలంటే మర్నాటి ప్రయాణం ఆగాలి. అక్కయ్యతో ఆ మాట చెప్పడానికి అతను చాలా ఇబ్బంది పడ్డాడు. ఆవిడ అంతా విని, "మీ నాన్న సూది వేసే ముందు మందు సీసా మీద పేరు రెండుసార్లు చదివేవారురా, ఎన్నాళ్ళనుంచి వాడే మందైనా సరే" అన్నది. సంవత్సరీకం ఇంట్లోనే జరిగింది.

తరువాత మూడు వారాలు పుస్తకం పట్టుకొని పని చేశారు. వెనక బ్రేకులో ఒక స్ప్రింగు తారుమారుగా తగిలించి ఉండడం, రేడియేటరు గొట్టానికి ఒక క్లిప్పు వదులుగా ఉండడం అప్పుడే దొరికాయి. మిగిలినవి అనే గడిలో ప్రతి పుటలోనూ సున్న వచ్చాక, ఒక ఆదివారం పొద్దున బండి బయటికి తీశారు. అప్పుడు కూడా మేస్త్రి సుత్తీ స్క్రూడ్రైవరూ పట్టుకొని ఎడమ చక్రం దగ్గర కూర్చొని మూత విప్పబోయాడు.

"అన్నీ రాశాను కదా బాబాయ్, మళ్ళీ ఎందుకు?" అన్నాడు మేనల్లుడు.

"రాసింది నువ్వే కదా బాబూ" అన్నాడాయన, మూత తీస్తూ.